సిగ్గుపడి తినే చేప

చేపలు కావాలని నేను ఎన్నడూ ఎవరినీ అడగలేదు. ఈ మాట ముందే చెప్పి తీరాలి. ఎందుకంటే మా ఇంట్లో తరువాత ఎవరు ఈ సంగతి ఎత్తినా "ఆ ఏడు ఆమెకు చేపల పిచ్చి పట్టింది" అనే మొదలుపెడతారు. నాకు పట్టింది చేపల పిచ్చి కాదు, పాచి పీడ. ఆ పీడ తెచ్చి నా నెత్తిన పెట్టిన వాళ్ళు మాత్రం హాయిగా నవ్వుకుంటూ తిరిగారు.

మా అత్తవారి ఊరు బళ్ళారి దగ్గర మోక. అక్కడ మా మామగారికి నల్లరేగడి చేన్లు, పత్తి, జొన్న. మా ఆయనకు సేద్యం అంటలేదు. సండూరు కొండల నుంచి రైలు స్టేషనుకు ఇనుప రాయి తోలే లారీల వ్యవహారంలో దిగి, బళ్ళారిలో, సత్యనారాయణపేటలో ఒక ఇల్లు తీసుకున్నారు. వారంలో నాలుగైదు రోజులు ఆయన ఆ కొండల్లో, చోరనూరు వైపే ఉండేవారు. ఇంట్లో నేను ఒక్కదాన్ని. పిల్లలు అప్పటికింకా పుట్టలేదు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అనంతపురంలో హైస్కూలు దాకా చదువుకున్నానని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఎక్కడ పనిచేసిందో తరువాత చెప్తాను.

ఒక చలికాలం మామగారు పత్తి బండి మీద నుంచి పడ్డారు. బండి మీద పత్తి తొక్కేది కూలివాళ్ళ పని. వాళ్ళు సరిగ్గా తొక్కడం లేదని, అరవై దాటిన ఈయన పైకెక్కి తొక్కి చూపించబోయారు. కుడి తొడ ఎముక విరిగింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడి గంజి బాగాలేదని, పక్క మంచం మనిషి గురక పెడతాడని రోజూ గొడవ. ఆ పోరు పడలేక డాక్టరే మా ఇంట్లో ఏర్పాటు చేయించాడు. కాలికి పట్టీలు చుట్టి, ఆ పట్టీలకు తాడు కట్టి, మంచం కాళ్ళ వైపు బిగించిన గిలక మీదుగా తాడును దింపి, చివర ఇసుక సంచి వేలాడదీశారు. ఆ బరువు కాలిని లాగి పట్టుకుని ఉంటే ఎముక సరిగ్గా అతుక్కుంటుందట. రోగి వీపు మాత్రం మంచం మీద నుంచి లేవకూడదు. ఒంటి పనులకు మోక నుంచి ఒక జీతగాడు వచ్చి ఉదయం సాయంత్రం చూసిపోయేవాడు. మిగిలిందంతా నాదే.

ఇంటికి వచ్చిన పదో రోజు మా వాకిట్లో ఇద్దరు ఎద్దుల బేరం ఆడుతున్నారు. మామగారికి ఆ ఎద్దు పళ్ళు ఎన్నో చూడాలనిపించింది. లేచి కూర్చున్నారు. ఎముక జారింది.

డాక్టరు వచ్చి మళ్ళీ సరిచేసి, నన్ను నడవలోకి పిలిచాడు. "అమ్మా, ఈ దినం నుంచి పదహారు వారాలు. ఇంకోసారి జారిందంటే కాలు పొట్టిదై అతుక్కుంటుంది. కర్ర పట్టుకొని కూడా నడవలేరు. ఆయన్ను కదలకుండా పెట్టే పూచీ నీది" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పూచీ నాదట. మామగారు జీవితంలో అరగంట ఒకచోట కూర్చున్న మనిషి కాదు. ఆయనకు నడక పోతే ఏమవుతుందో నాకు తెలుసు. చేను చూడకుండా మంచంలో ఉండే మామగారు ఒక ఏడు కూడా బతకరు. ఆ భయం నాకు అన్నం సయించనివ్వలేదు.

పుస్తకం చదివి వినిపిస్తానంటే "నాకేమిటికి పాపా పురాణాలు" అనేవారు. పక్కింటి వాళ్ళను కూర్చోబెడితే వాళ్ళతో కలబడి వాదించి మోచేతి మీద లేచేవారు. నా తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వచ్చింది ఆ గాజుతొట్టి. గనుల ఆఫీసులో మేనేజరు ఎవరో బదిలీ అయి పోతూ దాన్ని వదిలేశాడట. మా ఆయన లారీలో పెట్టుకుని తెచ్చారు. రెండడుగుల పొడవు, ఇనుప చట్రం, అడుగున ఇసుక, ఒక నల్ల రాయి, నాలుగు పచ్చటి నీటిమొక్కలు, మూడు ఎర్ర చేపలు. నాకు అడగకుండా ఇంకో చాకిరీ తెచ్చారని ఒళ్ళు మండింది. కానీ దాన్ని మామగారి మంచం పక్కన, కిటికీ దగ్గర స్టూలు మీద పెట్టగానే ఆయన తల అటు తిప్పి పడుకున్నారు. ఒక గంట అయింది. రెండు గంటలు అయింది. మనిషి కదలలేదు.

"ఆ పెద్దది చూడు పాపా, రెడ్డి మాదిరి తిరుగుతాండాది. చిన్నవి రెండూ దాని ఎనకాలే" అన్నారు మధ్యాహ్నం. ఆ రోజు నేను నెల తరువాత మొదటిసారి నిమ్మళంగా అన్నం తిన్నాను.

ఆ సుఖం పన్నెండు రోజులు. తూర్పు కిటికీ, పొద్దున్నే ఎండ సూటిగా తొట్టి మీద పడుతుంది. అద్దానికి లోపలి వైపు సన్నగా పచ్చటి పొర కట్టింది. మరో రెండు రోజులకు చిక్కబడింది. మూడో రోజుకు చేపలు లేవు, ఎర్రటి మరకలు అటూ ఇటూ పోతున్నాయి, అంతే.

"పాపా, యాడుండాయి చేపలు? నాకేం కనపడల్యా."

"పాచి పట్టింది మామా. తుడుస్తా ఉండండి."

తుడవడం మొదలుపెట్టాను. అదే తప్పయింది. చెయ్యి లోపల పెట్టగానే అడుగున ఉన్న మడ్డి అంతా లేచి నీళ్ళు బురదయ్యాయి. చేపలు బెదిరి అద్దానికి కొట్టుకున్నాయి. మామగారేమో "ఆ మూల, ఆ మూల తుడు, అది కాదు పాపా, ఇట్ల తే ఆ గుడ్డ" అంటూ మోచేతి మీద లేచారు. తాడు ఊగింది. నేను గుడ్డ నీళ్ళలో వదిలేసి "పండుకోండి మామా" అని కసిరాను. మామగారిని కసరడం అదే మొదలు. తొట్టిని కిటికీ నుంచి జరుపుదామంటే గిలక కట్టిన మంచం జరగదు, పడుకున్న మనిషికి ఇంకెక్కడ పెట్టినా కనపడదు. కిటికీ మూద్దామంటే ఆయనకు గాలాడదు.

ఇక సలహాలు. మా ఆయన చోరనూరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే "నీళ్ళు మారిస్తే పోతాది, ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా" అన్నారు. మార్చాను. నాలుగు రోజుల్లో మళ్ళీ పచ్చన. పక్కింటి కన్నడం ఆవిడ సున్నం తేట వెయ్యమంది. డాక్టరు కాలు చూడవలసిన వాడు కాలు చూడకుండా తొట్టి ముందు గొంతుకూర్చుని పటిక ముక్క తిప్పమన్నాడు. తలా ఒక వైద్యం చెప్పి తలా ఒక దారిన పోయారు. గుడ్డ పట్టుకుని నేను మిగిలాను.

పాచి తినే ప్రాణిని తెచ్చి వెయ్యమని మొదట చెప్పింది జీతగాడు. కాలువ నుంచి గుప్పెడు నత్తలు తెచ్చాడు. అవి అద్దం వైపే పోలేదు. మొక్కలను కొరికి, వారంలో పిల్లలు పెట్టాయి. ఆవగింజంత పిల్లలు, ఎక్కడ చూసినా అవే. గోళ్ళతో ఏరి పారేయడానికి నాకు రెండు పూటలు పట్టింది.

తరువాత మోక నుంచి మామగారిని చూడడానికి ఒక రైతు వచ్చాడు. కోస్తా నుంచి వలస వచ్చి, కాలువ కింద వరి పండించుకుంటూ క్యాంపు అనే కొత్త ఊళ్ళో ఉంటున్న మనిషి. చేను మా చేనుకు ఆనుకునే ఉంటుంది. తొట్టి చూసి నవ్వాడు.

"ఇందులో ఏవుందండీ. రాగండి పిల్లల్ని తెస్తానండి. మా వైపు చెరువుల్లో అవే కదండీ పాచి తినేది. వారంలో అద్దం మెరిసిపోతుందండి."

"పెద్దయినాక పులుసుకూ వస్తాయా?" అన్నారు మామగారు.

"బ్రహ్మాండంగా వస్తాయండి."

ఇద్దరూ కలిసి నా మాట వినకుండానే తేల్చేశారు. మూడో రోజు బిందెలో అయిదు పిల్లలు వచ్చాయి, నా చిటికెన వేలంతవి. నిజం చెప్పాలి, మొదటి రెండు రోజులు మూతులు అద్దానికి ఆనించి పాచిని బాగానే గీకాయి. మామగారి సంతోషం చూడాలి. మూడో రోజు నుంచి అవి నేను ఎర్రవాటికి వేసే మరమరాల పొడి రుచి మరిగాయి. అద్దం మానేసి పొడి మీద పడ్డాయి. ఎర్రవాటిని తిండి దగ్గరికి రానీయలేదు. పదిహేను రోజుల్లో వేలెడు పెరిగాయి. ఆ తొట్టిలో అవి తిరుగుతుంటే చిన్న గదిలో పెళ్ళి జరుగుతున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా దబ్బున చప్పుడైంది. పరుగెత్తి వచ్చేసరికి ఒక రాగండి పిల్ల తొట్టిలో నుంచి ఎగిరి మామగారి ఛాతీ మీద పడి కొట్టుకుంటోంది. ఆయన ఉలిక్కిపడి సగం లేచారు. ఇసుక సంచి మంచం కోడుకు కొట్టుకుంది. నేను ఏం ఆలోచించలేదు. రెండు చేతులతో ఆయన భుజాలు పట్టి మంచానికి నొక్కేశాను. మామగారి భుజాలు పట్టి కోడలు మంచానికి నొక్కడం మా ఇళ్ళలో ఎవరూ కని విని ఎరగరు. చేప మా ఇద్దరి మధ్యా ఎగురుతూనే ఉంది. ఆయన నా ముఖంలోకి చూశారు, నేను ఆయన ముఖంలోకి చూశాను. చేపను తీసి తొట్టిలో వేశాను.

డాక్టరు వచ్చి టేపుతో రెండు కాళ్ళూ కొలిచి, జారలేదని చెప్పాడు. "ఈసారి తప్పింది" అన్నాడు నన్నే చూస్తూ, నేనే ఆ చేపను విసిరేసినట్టు. రాగండి పిల్లలు ఆ సాయంత్రమే జీతగాడి బిందెలో కాలువకు తిరిగిపోయాయి.

ఇక నాకు పట్టుదల వచ్చింది. చేపను ఎంచుకునేది ఎట్లాగో కనీసం నాకు తెలిసొచ్చింది. పెద్దగా పెరగకూడదు. ఎగరకూడదు. ఎర్రవాటిని వేధించకూడదు. మొక్కల జోలికి పోకుండా, పెట్టిన తిండికి ఆశపడకుండా అద్దం మీది పాచినే తినాలి. ఇన్ని గుణాలున్న మనిషినే నేను చూడలేదు, చేప దొరుకుతుందా అనిపించింది. అయినా తొట్టి వెనుక అతికించిన కాగితం మీద బెంగళూరు అంగడి చిరునామా కనపడితే, అక్కడికి రాద్దామన్నాను.

"రాయి. కన్నడంలో రాయి, వాళ్ళు కన్నడోళ్ళు" అన్నారు మా ఆయన.

బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన తరువాత ఆఫీసు కాగితాలన్నీ కన్నడానికి మారాయి. మా ఆయనకు కన్నడం నోటికి వచ్చు, చేతికి రాదు. నేను పక్కింటి ఆవిడ దగ్గర పిల్లల వాచకం తెచ్చుకుని నేర్చుకున్నాను. అక్షరాలు మనవాటికి దగ్గరే. మాటలూ సగం కలుస్తాయి. లారీల కాగితాలన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. అందుకే పొగరు అన్నాను. మామగారి మంచం పక్కనే పీట వేసుకుని, ఆ అయిదు గుణాలూ వరుసగా రాస్తూ ముఖ్యమైన చోటుకు వచ్చాను.

"పాచి తినేదని రాయి పాపా" అన్నారు మామగారు మంచం మీద నుంచి.

నాకు ఆ మాట నచ్చలేదు. పాచి అంటే పొద్దున్నే పళ్ళ మీద ఉండేది. పాచి పని, పాచి ముఖం. బెంగళూరు అంగడికి రాసే ఉత్తరంలో ఆ మోటు మాట ఎట్లా రాస్తాను? వాళ్ళు ఏమనుకుంటారు? పుస్తకాల్లో నాచు అని ఉంటుంది. మంచి మాట. మంచి మాటలు రెండు భాషల్లోనూ ఒకటే ఉంటాయి కదా అని, ముత్యాల్లాంటి కన్నడ అక్షరాలతో "నాచు తిన్నువ సణ్ణ మీను బేకు" అని రాశాను. నాచు తినే చిన్న చేప కావాలి, అని నా ఉద్దేశం. చదివి వినిపిస్తే మా ఆయన తల ఊపారు. ఆయన తల దేనికైనా ఊపుతారు.

రెండు వారాలకు రైలు పార్సెల్లో మూతకు చిల్లులు పొడిచిన డబ్బా వచ్చింది. లోపల ఒకే ఒక చేప. పెన్సిలంత లావు, చూపుడు వేలంత పొడవు, ఒళ్ళంతా నలుపూ పసుపూ చారలు, మూతి దగ్గర సన్నటి మీసాలు. తొట్టిలో వదలగానే అది ఎవరి వైపూ చూడలేదు. సూటిగా పోయి నల్ల రాయి కింద దూరింది. అంతే. ఆ పగలంతా బయటికి రాలేదు.

డబ్బాతోపాటు ఒక కార్డు వచ్చింది. "తావు కేళిదంతె నాచి తిన్నువ మీను కళిసిద్దేవె. యారూ నోడదాగ తిన్నుత్తదె." మీరు అడిగిన చేపను పంపాం, ఎవరూ చూడనప్పుడు తింటుంది, అని అర్థమైంది. నాచు అని రాయవలసిన చోట నాచి అని రాశారు. బెంగళూరు వాళ్ళకు కూడా రాత రాదన్నమాట అనుకున్నాను. మామగారికి కార్డు చదివి చెప్పాను.

"ఎవురూ చూడనప్పుడే తింటాదంట మామా."

"అట్లనా. చూస్తా ఉంటా, ఎంతసేపు దాంకుంటాదో" అన్నారు.

సాయంత్రం పక్కింటి ఆవిడ వస్తే గొప్పగా కార్డు చూపించాను. ఆవిడ చదివి, మళ్ళీ చదివి, నా ముఖం చూసి అడిగింది.

"నాచ్కొండు తిన్నో మీను నిమగ్యాకె బేకిత్తమ్మా?"

సిగ్గుపడుతూ తినే చేప మీకెందుకు కావలసివచ్చింది, అని. నాచు అంటే కన్నడంలో సిగ్గుపడు అని అర్థమట. నేను రాసింది వాళ్ళకు సగం వాక్యంలా కనిపించి, నాచి అని వాళ్ళే దిద్దుకున్నారు. సిగ్గుపడి తినే చేప. పాపం, వెతికి వెతికి అట్లాంటి దాన్నే పంపారు.

"మరి నాచును మీరేమంటారక్కా?"

"పాచిగె పాచి అంతానే అంతీవి" అంది ఆవిడ, నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంటూ.

పాచిని వాళ్ళూ పాచి అనే అంటారట. మామగారు చెప్పిన మోటు మాట రాసి ఉంటే సరిపోయేది. చదువుకోని మనిషి చెప్పింది ఒప్పు, చదువుకున్న నేను రాసింది తప్పు. వంటింట్లోకి పోయి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది. డాక్టరు చెప్పిన పదహారు వారాల్లో ఇంకా ఆరున్నర ఉన్నాయి. అద్దం పచ్చగా ఉంది. ఆ లోపల ఉన్న కొత్త చేపకు పాచి అంటే ఏమిటో తెలియదు.

మామగారికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు తెల్లవారుజామున లేచాను. మామగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. గరిటె కాడకు తడిగుడ్డ చుట్టి, నీళ్ళు కదలకుండా మెల్లగా లోపలికి దించి, ఆయన కళ్ళకు ఎదురుగా అరచేతంత మేర తుడిచాను. అంతకంటే తుడిస్తే మడ్డి లేస్తుందని భయం. గరిటె తీసి, తడి తుడిచి, నిశ్శబ్దంగా వచ్చేశాను.

తెల్లవారాక మామగారు పిలిచారు. "పాపా, చూడు. తినింది. అరచేతంత తినింది."

ఆయన ముఖంలో ఉన్న ఆనందం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అరచేతంత చోటులో నుంచి ఆయన పొద్దంతా లోపలికి చూస్తూ పడుకున్నారు. మర్నాడు దాని పక్కన ఇంకో అరచేయి. ఆ తరువాత ఇంకొకటి. మొదట తుడిచిన చోట వారంలో మళ్ళీ పచ్చబడేది. ఈ సంగతి మా ఆయనకు ఒక్కరికే చెప్పాను, ఈ పని ముందే ఎందుకు చేయలేదని అడిగారు. మంచం మీద ఉన్న మీ నాయనను నెలరోజులు కదలకుండా పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడండి అన్నాను. ఆయన లారీ ఎక్కి పోయారు.

మొత్తానికి ఆ ఇంట్లో పాచి తినే చేపను నేనే అయ్యాను.

పదకొండో రోజు తెల్లవారుజామున గరిటెతో పోయేసరికి చారల చేప రాయి పక్కన వెల్లకిలా తేలుతోంది. ఎందుకు చచ్చిందో నాకు తెలియదు. తిండి చాలలేదేమో. యారూ నోడదాగ తినే దానికి మా ఇంట్లో చూడని వేళ ఎక్కడ దొరుకుతుంది? మామగారి వైపు చూశాను. కళ్ళు మూసే ఉన్నాయి. చెంచాతో దాన్ని తీసి, కొంగు చివర పెట్టుకుని, పెరట్లో మల్లెపాదులో పూడ్చాను. చేతులు కడుక్కున్నాను. ఇంకా అయిదు వారాలు. ఇప్పుడు ఈయనకు చేప చచ్చిందని చెప్తే రేపటి నుంచి దేన్ని చూస్తూ పడుకుంటారు? తిరిగి వచ్చి ఆ రోజు వంతు అరచేయి తుడిచాను.

అబద్ధం ఒకసారి ఆడితే చాలదు, రోజూ ఆడాలి. "ఇప్పుడే తోక కనపడినట్టుంది మామా." "రాయి కింద ఉండాది మామా, యాడ పోతాది." ఆయన వదిలేవారా? "యా పక్క కనపడె?" అని అడిగేవారు. ఏదో ఒక పక్క చూపించేదాన్ని. ఒక రోజు ఆయనే "నేనూ చూసినా పాపా, మీసాలు కదిలె" అన్నారు. ముసలి కళ్ళు, ఏదో నీడను చూసి భ్రమపడ్డారని నాకు జాలి కలిగింది. పైగా కోరికలు మొదలయ్యాయి.

"రేపు ఆ కుడి పక్క తింటే బాగుంటాది. పెద్దది ఆడ్నే తిరుగుతాండాది."

మర్నాడు కుడి పక్క తుడిచేదాన్ని.

"కింద ఇసుక దగ్గర యాల తినదో ఏమో, సోమరిది."

చన్నీళ్ళకు వేళ్ళు కొంకర్లు పోతుంటే అడుగు దాకా గరిటె దించి ఇసుక దగ్గర తుడిచేదాన్ని. లోపల్లోపల తిట్టుకునేదాన్ని. చేపనూ, తొట్టినీ, తెచ్చిన మొగుడినీ, బండెక్కిన మామనూ, అందరినీ తిట్టేదాన్ని. ఒక్కరోజు ఒళ్ళు వెచ్చబడి లేవలేకపోతే, ఆ రోజంతా "ఈ పొద్దు తిన్లేదే, ఏమాయెనో" అని నాలుగుసార్లు అడిగారు. జ్వరంతోనే మర్నాడు లేచాను.

అయిదు వారాలు అట్లా గడిచాయి. డాక్టరు వచ్చి సంచి విప్పి, పట్టీలు తీసి, కాళ్ళు రెండూ కలిపి పెట్టి టేపుతో కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు. "సమానం" అన్నాడు. మా ఆయన ఒక పక్క పట్టుకుంటే, కర్ర ఒక చేత పట్టుకుని మామగారు లేచి నిలబడ్డారు. కాళ్ళు సన్నబడి ఉన్నాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. తొట్టి దాకా నాలుగు అడుగులు నడిచి, ఇనుప చట్రం పట్టుకుని నిలబడ్డారు. డాక్టరును సాగనంపడానికి మా ఆయన వాకిట్లోకి పోయారు.

ఇక ఆయన తొట్టిలోకి పై నుంచి చూస్తారు, రాయి ఎత్తిస్తారు. నేను ముందే ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను.

"మామా, ఆ చారల చేప రాత్రి చచ్చిపోయింది. పొద్దున్నే తీసేసినా."

ఆయన నీళ్ళలోకే చూస్తున్నారు. "రాత్రి కాదులే పాపా. అది పోయి అయిదు వారాలాయె."

నేను తల ఎత్తి ఆయన్ను చూశాను.

"చెంచాతో తీసి కొంగులో పెట్టుకొని పోతాంటివి. చూసినా. కాలు లాగుతాంటే నాకు తెల్లార్జామున నిద్ర యాడ పడతాది. దినామూ నువ్వొచ్చే యాళకు మెలకువగానే ఉంటి."

"దినామూనా?"

"మొదట్నాటి నుంచే."

నాకు తిక్క రేగింది. జాలీ లేదు, మర్యాదా లేదు. "కుడి పక్క తినాల, ఇసుక దగ్గర తినాల అని చెప్పింది నాకేనా? జొరంలో గూడా లేసి తుడిస్తిని కదా మామా. ఒక్క మాట చెప్పకూడదా? నేను ఇంకో గంట పండుకునుందునే" అన్నాను.

కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"చెప్పింటే మానేస్తాంటివి. నువ్వు ఊపిరి బిగబట్టుకొని ఆ గరిటె దించుతాంటే, నేను రవ్వంత కదిలినా నీకు తెలిసిపోతాదని కట్టె మాదిరి పడుంటి. ఒగ ఆడబిడ్డ నా కాలు కోసరం ఇంత తిప్పలు పడతాండాదే, నేను పండుకునేదానికేం రోగం అనుకుంటి. లేకుంటే నేను పండుకునేవాణ్ణా పాపా? ఎప్పుడో లేసి కాలు పోగొట్టుకునుందును."

నాకు కోపం పోలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి, కొంగుతో తుడుచుకోవడం కూడా మరిచాను. ఆయన నా వైపు చూడకుండా చెయ్యి చాపారు.

"రా, పట్టుకో. వాకిలి దాకా పోదాం."

పట్టుకున్నాను. ఆయన బరువు సగం నా మీద వేసి నడిచారు. కుడి కాలు నేల మీద నిండుగా పడింది.